పరాజిత సైనికుల న్యాయవాది భూలాభాయి దేశాయి

జయించి వచ్చిన సైనికునికి పూలమాల వేయుట సులభము. జయము తానే ముందు నడచి వానికి తలుపులన్నియు తెఱపించును. ఓడి వచ్చినవాని సంగతి వేఱు. ఖడ్గతిక్కన కథ నెఱుగని తెలుగువా రరుదు. కాటమరాజుతోడి పోరునుండి మరలివచ్చిన యా వీరునికి సొంతయింటనే యెత్తిపొడుపు లెదురయ్యెననియు, అవి విని యతడు మరల రణమునకు పోయి ప్రాణములు విడిచెననియు మనవారు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఆ కథయందు వీరధర్మ మెంత కలదో, మరలివచ్చిన సైనికునియెడ లోకము చూపు కాఠిన్యమును అంతయే కలదు.

1945 వ సంవత్సరమున భారతదేశ మిందుకు విరుద్ధమైన కార్య మొకటి చేసెను. ఓడి, బందీలై, రాజద్రోహులని పేరుపడి తిరిగివచ్చిన సైనికులను దేశము తన బిడ్డలని చెప్పుకొనెను. వీధులలో జయజయధ్వానములు చేయుట జనసామాన్యము వంతు. ఆ ధ్వానమును న్యాయస్థానమున నిలువదగిన వాదముగా మార్చుట భూలాభాయి దేశాయి వంతు. పూలమాల యొకనాటికి వాడిపోవును, వాదము నిలిచియుండును. సైనికగౌరవ మనగా నేమియో తెలియగోరువా రా మహాశయుని జీవితమును స్మరించుట యవసరమని మేము తలంచుచున్నాము.

భూలాభాయి 1877 అక్టోబరు 13 వ తేదీన గుజరాతునందలి వల్సాడు ప్రాంతమున జన్మించెను. బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదివి, ఆంగ్లసాహిత్యమున ఎం. ఏ. పట్టము పొంది, అహమ్మదాబాదులోని గుజరాతు కళాశాలయందు ఆంగ్లమును చరిత్రమును బోధించెను. అధ్యాపకుడుగా నుండగనే న్యాయశాస్త్ర మభ్యసించి 1905 లో బొంబాయి హైకోర్టున అడ్వొకేటుగా చేరెను. అనతికాలముననే ఆ హైకోర్టు అగ్రశ్రేణి న్యాయవాదులలో నొకడయ్యెను. ధనమునకు గాని కీర్తికి గాని కొఱత లేదు. అట్టివారు రాజకీయములను దూరమునుండి చూచి సంతోషించుట ఆ కాలపు వాడుక. ఆయనయు తొలుత అనిబిసెంటమ్మ స్వపరిపాలనోద్యమమునందు చేరి, పిదప మితవాదుల పక్షమున నుండెను. తీవ్రవాక్యములు పలుకుట ఆయన స్వభావము కాదు.

1928 వ సంవత్సర మాయన జీవితమును మలుపు త్రిప్పెను. భారతీయు డొక్కడును లేని సైమను సంఘమును బహిష్కరింపవలెనని ఆయన మితవాదులను వీడెను. ఆ సంవత్సరమే సూరతు జిల్లా బార్డోలి తాలూకాలో ప్రభుత్వము భూమిశిస్తును నూటికి 22 వంతులు పెంచగా, రైతులు వల్లభభాయి పటేలు నాయకత్వమున శిస్తు చెల్లింప నిరాకరించిరి. పశువులు జప్తయ్యెను, భూములు వేలమునకు వచ్చెను, రైతులు చలింపలేదు. తుదకు ప్రభుత్వము దిగివచ్చి విచారణసంఘము నొకదానిని నియమింపగా, దాని యెదుట రైతుల పక్షమున వాదించుటకు భూలాభాయి పోయెను. పెంపుదల నూటికి సుమారు 6 వంతులకు మించి తగదని ఆ సంఘము తేల్చెను. భూమిని నమ్ముకొన్న పాఠకుల కీ ఫలితపు విలువ మేము వేఱుగ చెప్ప నక్కఱలేదు. అంతకంటె ముఖ్యమైన దింకొకటి కలదు. చట్టము నుల్లంఘించిరని సర్కారు నిందించిన జనమునకు చట్టము నెదుటనే న్యాయము చూపవచ్చునని ఆయన బార్డోలిలో నేర్చెను. పదునేడేండ్ల తరువాత ఢిల్లీలో ఆ పాఠమే యక్కఱకు వచ్చెను.

1930 లో ఆయన కాంగ్రెసులో చేరెను. స్వదేశీసభను స్థాపించి మిల్లుయజమానులను స్వదేశీదీక్షకు సుముఖులను చేసెను. 1932 లో ఆ సభను ప్రభుత్వము నిషేధించి ఆయనను చెఱసాలకు పంపెను. నాసిక కారాగారమున చెడిన యారోగ్యము మరల పూర్తిగా కుదుటపడలేదు. 1934 లో కేంద్ర శాసనసభకు ఎన్నికై, కాంగ్రెసుపక్షమునకు నాయకుడై, ప్రభుత్వపక్షమువారు సయితము చెవియొగ్గి వినునట్టి వాదపటిమను చూపెను.

1939 లో యుద్ధము వచ్చెను. భారతప్రజల నడుగకుండగనే రాజప్రతినిధి ఈ దేశమును యుద్ధమున చేర్చెను. అంతకు పూర్వమే శాసనసభ సమ్మతి లేక మన సేనలు సముద్రము దాటింపబడినవి. 1940 నవంబరులో యుద్ధవ్యయమునకై ప్రభుత్వము తెచ్చిన ఆర్థిక బిల్లును శాసనసభ త్రోసివేసెను. ఆ నిరాకరణమునకు నాయకత్వము వహించినవాడు భూలాభాయి. ప్రజల యనుమతి లేని యుద్ధమునకు ప్రజల ధన మడుగు హక్కు లేదనుట ఆయన వాదసారము. పిమ్మట వ్యక్తి సత్యాగ్రహమునందు పాల్గొని యెరవాడ చెఱసాలకు పోయి, 1941 లో అనారోగ్యకారణమున విడుదలయ్యెను.

ఇచ్చట పాఠకు లొక విషయమును గమనింపవలెను. యుద్ధమునకు పైస యీయనని నిరాకరించిన యీ వ్యక్తియే అయిదేండ్ల తరువాత సైనికులకై తన తుదిశక్తిని ధారవోసెను. ఇందు విరోధము లేదు. యుద్ధము పాలకుల నిర్ణయము. సైనికుడు దానిని మోయు భుజము. నిర్ణయమును ఖండించువాడు భుజమును నిందింప నక్కఱలేదు. ఈ రెంటిని వేఱుచేసి చూడలేనివారు కొందరు యుద్ధమును పొగడుటయే సైనికుని గౌరవించుట యని భ్రమపడుదురు; మఱికొందరు యుద్ధమును ద్వేషించి సైనికుని మఱచిపోవుదురు. ఆయన యీ రెండు దోషములకును లోబడలేదు.

ఇంతలో తూర్పుదిక్కున జరిగిన కథ మిక్కిలి విచిత్రమైనది. 1942 ఫిబ్రవరి 15 న సింగపూరు జపానువారి వశమయ్యెను. రెండు దినముల తరువాత ఫారర్ పార్కు మైదానమున వేలకొలది భారతీయ సైనికులను సమావేశపఱచి, బ్రిటిషు సేనాధికారి యొకడు వారిని జపాను ప్రతినిధి కప్పగించిపోయెను. తాము కొలిచిన ప్రభువు తమ్ము నిట్లు వదలిపోయిన పిమ్మట తమ విధేయత యెవరికి చెందవలెనను ప్రశ్న ఆ మైదానముననే పుట్టినది. మోహన్‌సింగు నాయకత్వమున జాతీయసైన్యము తొలుత వెలసెను. అతడు జపానువారి చెప్పుచేతలలో నుండుట కొల్లక 1942 డిసెంబరులో నిర్బంధము పాలయ్యెను. 1943 జులైలో సుభాషచంద్రబోసు సింగపూరున నాయకత్వము స్వీకరించి, అక్టోబరు 21 న తాత్కాలిక ప్రభుత్వమును ప్రకటించెను. ఆయనతో జలాంతర్గామిలో ప్రయాణము చేసిన అబిద్ హసను మన హైదరాబాదువాడు. మలయాలోని రబ్బరుతోటలకు కూలికి పోయిన దక్షిణాదివారును తుపాకి పట్టిరి. 1944 లో ఆ సైన్యము ఇంఫాలు పొలిమేరలదాక వచ్చెను. వర్షములు, ఆకలి, మలేరియా జ్వరము, శత్రువిమానములు కలిసి దానిని వెనుకకు త్రోసినవి. 1945 మే నెలలో రంగూను పడిపోయెను. బందీలైన సైనికులను స్వదేశమునకు తెచ్చి, విధేయతను బట్టి తెలుపు, బూడిద, నలుపు అని రంగులు పెట్టి సర్కారు విభజించెను.

ఆ 1945 వ సంవత్సరమే భూలాభాయికిని కష్టకాలము. కాంగ్రెసు నాయకులు పలువురు చెఱసాలలలో నుండగా, ప్రతిష్టంభమును తొలగింపగోరి, కేంద్రమున తాత్కాలిక ప్రభుత్వము నేర్పఱచు విషయమున ఆయన ముస్లిములీగు నాయకుడు లియాఖతాలీఖానుతో నొక యొడంబడికకు వచ్చెను. విషయము బయటపడినపిమ్మట లియాఖతు కాదనెను. చెఱవెడలి వచ్చిన కాంగ్రెసు నాయకులు భూలాభాయి యధికారము లేక వ్యవహరించెనని తలచిరి. ఆ యేటి శాసనసభ యెన్నికలలో ఆయనకు కాంగ్రెసు అభ్యర్థిత్వము దొరకలేదు. సభలో కాంగ్రెసుపక్షమును నడపిన నాయకుడు గుమ్మము వెలుపల నిలిచెను. దేహమున వ్యాధి, మనస్సున గాయము. అలిగి యింట కూర్చున్నను ఆయన నెవరును తప్పుపట్టియుండరు. అట్టి సమయముననే ఎఱ్ఱకోట పిలుపు వచ్చెను. ఆయన పోయెను.

జాతీయసైన్యపు అధికారులు షానవాజుఖాను, ప్రేమకుమార్ సహగలు, గురుబక్ష్‌సింగు ధిల్లాను ముగ్గురిపై ఢిల్లీ ఎఱ్ఱకోటలో సైనికన్యాయస్థానము 1945 నవంబరు 5 న విచారణ మారంభించెను. ఒకడు ముస్లిము, ఒకడు హిందువు, ఒకడు సిక్కు. చక్రవర్తిపై యుద్ధము చేసిరనుట ముఖ్యాభియోగము. సైన్యమును వీడిపోజూచినవారిని చంపించిరను హత్యాభియోగములును గలవు. న్యాయపీఠమున కూర్చుండినవా రేడుగురు సైనికాధికారులు. వారిలో నలుగు రాంగ్లేయులు, ముగ్గురు భారతీయులు. కాంగ్రెసు ఏర్పఱచిన రక్షణసంఘమున తేజబహదూరు సప్రూ, కైలాసనాథ కాట్జూ, అసఫాలీ ప్రభృతు లుండిరి. జవహర్‌లాలు నెహ్రూ యెన్నియో యేండ్లకు మరల న్యాయవాది యంగీ తొడిగెను. సప్రూ అస్వస్థతచే వైదొలగగా భారమంతయు భూలాభాయిపై పడెను.

ఆ భారమును మోయుటకు ఆయన యెన్నుకొన్న మార్గమే ఆయన ఘనత. వేఱొక న్యాయవాదియైనచో, ఈ యువకులు దారి తప్పిరి, జపానువారి నిర్బంధమునకు లోబడిరి, దయచూపుడు అని వేడుకొని యుండవచ్చును. అట్టి వేడుకోలున ప్రాణము దక్కినను మానము దక్కదు. భూలాభాయి దయ నర్థింపలేదు. హక్కును స్థాపింపబూనెను. ఆ తాత్కాలిక ప్రభుత్వమునకు మంత్రివర్గము కలదు, ప్రజల విధేయత కలదు, క్రమశిక్షణ గల సైన్యము కలదు, ఇతర రాజ్యముల గుర్తింపు కలదు. కనుక అది చేసినది యుద్ధమే కాని దొమ్మి కాదని నిరూపించుటకు జపాను విదేశాంగశాఖవారిని సయితము సాక్షులుగా రప్పించెను.

డిసెంబరు నెలలో రెండు దినములు ఆయన వాదించెను. పరాధీనజాతికి స్వాతంత్ర్యమునకై యుద్ధము చేయు హక్కు కలదా యనుటయే ఆయన ప్రశ్న. అమెరికావారు 1776 లో తమ రాజుపైననే తిరుగబడి నూతనరాజ్యమును స్థాపించిరి. ఆ రాజు నాంగ్లేయుల రాజే. జర్మనులకు లోబడిన ఐరోపా దేశముల ప్రభుత్వములు లండనులో తలదాచుకొని యుద్ధము సాగింపగా ఆంగ్లేయులే వానిని గౌరవించిరి. ఆ న్యాయ మైరోపావారికి చెల్లినచో మనకేల చెల్లదు? ఆంగ్లేయునికి రాజును దేశమును ఒక్కటే కనుక విధేయతలో చీలిక రాదు. పరపాలితుడైన భారతీయునికి రాజొకవైపు, దేశమొకవైపు. ఫారర్ పార్కులో రాజప్రతినిధులు చేతులు దులుపుకొన్న పిమ్మట దేశము తప్ప వాని కింకెవరు మిగిలిరి? ఆయన వాదము నీ విధముగా సంగ్రహింపవచ్చును. రెండు సైన్యములు ధర్మయుద్ధ నియమముల ననుసరించి పోరినపుడు ఓడినవాడు యుద్ధఖైదీ యగును గాని నేరస్థుడు కాడనుట దాని ముడి.

వెలుపల దేశము మేల్కొనెను. నవంబరు నెలలో కలకత్తా వీధులలో విద్యార్థులు ఊరేగగా పోలీసులు కాల్పులు జరిపిరి, పలువురు మరణించిరి. ఇతర విషయముల నొకరినొకరు సహింపని కాంగ్రెసు, ముస్లిములీగు, హిందూమహాసభ, అకాలీపక్షము ఈ ఖైదీల విడుదల విషయమున నొక్క గొంతుతో పలికినవి. పట్టణములలోను పల్లెలలోను సహాయనిధికి చందాలు ప్రోగయ్యెను. సర్కారు సైన్యమునందలి భారతీయులును ఆ నిధికి సాయపడిరి. సర్కారును కలవరపెట్టినది విశేషించి యీ చివరి సంగతియే.

1945 డిసెంబరు 31 న తీర్పు ముగిసెను. చక్రవర్తిపై యుద్ధము చేయుటయందు ముగ్గురును దోషులనిరి. ధిల్లానును హత్యాభియోగమునుండియు, సహగలును హత్యకు ప్రోత్సహించెనను అభియోగమునుండియు విముక్తులను చేసిరి. షానవాజును మాత్ర మొక మరణవిషయమున ప్రోత్సాహకుడనిరి. యావజ్జీవ ద్వీపాంతరవాసము, కొలువునుండి బర్తరఫు, రావలసిన జీతబత్తెముల జప్తు శిక్షలయ్యెను. ద్వీపాంతరశిక్ష నమలు జరిపినచో దేశమున అల్లకల్లోలమును సైన్యమున చీలికయు తప్పవని సర్వసేనాధిపతి ఆకిన్‌లెకు గ్రహించి, దానిని రద్దుచేసెను. 1946 జనవరి 3 న ముగ్గురును విడుదలైరి. న్యాయస్థానము భూలాభాయి వాదము నంగీకరింపలేదు, చరిత్రము అంగీకరించెను.

ఆయన యా విజయమును చిరకాల మనుభవింపలేదు. విచారణకాలమునందే రోగపీడితుడైన ఆయన 1946 మే 6 న బొంబాయిలో కన్నుమూసెను. స్వతంత్రభారతమును చూచు భాగ్య మాయనకు లేకపోయెను. ఎవరి వలన ఆదరము పొందదగియుండెనో వారిచేత త్రోసివేయబడి కూడ, లోకము త్రోసివేయజూచిన సైనికుల కండగా నిలిచి, ఆ పనిలోనే అలసి పోయినవాడాయన. రణరంగమున నొరిగిన సైనికునికంటె ఆయన నే విధమున తక్కువవానినిగా తలపగలము?

ఆ మహాశయుని స్మరించునపుడు తరువాతి కథను దాచుట న్యాయము కాదు. 1947 లో స్వాతంత్ర్యము వచ్చెను. జాతీయసైన్యపు సైనికులను భారతసైన్యమున మరల చేర్చుకొనలేదు. సైన్యమునందలి క్రమశిక్షణ చెడునని నాటి పాలకులు భయపడిరి. ఆ భయము పూర్తిగా నిరాధారమని మే మనము. కాని నవంబరులో పూలమాలలు వేసిన చేతులు ఆ పిమ్మట వారి అన్నవస్త్రముల సంగతి నెంతవఱకు విచారించినవి? స్వాతంత్ర్యయోధుల కేంద్ర పింఛను పథకము 1972 లో గాని రాలేదు. ఓడి, బందీలై మరలివచ్చినవారికి ఇరువదియైదేండ్ల నిరీక్షణము స్వల్పము కాదు. ఆ లోపల కాలధర్మము నొందినవారి లెక్క నెవరు చెప్పగలరు?

మఱొక వర్గమువారిని గూర్చియు చెప్పవలసియున్నది. ఆ యుద్ధమున భారతసైన్యమందు చేరినవారు సుమారు 25 లక్షలు. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమువంటి మన గ్రామములు మొదటి ప్రపంచయుద్ధమునాటినుండియు ఇంటింటినుండి సైనికులను పంపినవి. ఆఫ్రికా యెడారులలో, ఇటలీ కొండలలో, బర్మా యడవులలో పోరినవారు ఆ శీతకాలముననే యిండ్లకు మరలుచుండిరి. వారికై వీధులలో తోరణములు కట్టినవారు లేరు. వారిని పంపినది పరాయిప్రభుత్వము. పోయినది మన బిడ్డలు. ఇంఫాలు కొండలలో తుపాకుల కిరువైపులను నిలిచినవారు భారతీయులే. కోహిమాలో ఒక పక్షమువారి సమాధులు నేటికిని శుభ్రముగా రక్షింపబడుచున్నవి. రెండవ పక్షమువారి స్మారకము సింగపూరున నుండగా, 1945 లో ఆంగ్లేయసేనలు దానిని కూల్చివేసెను. మణిపురములోని మొయిరాంగున వారి స్మృతిమందిర మిప్పుడు నిలిచియున్నది. యుద్ధమును, దానినుద్దేశించినవారిని వేఱుచేసి సైనికుని చూడవలెనను నియమము ఒక పక్షమునకే చెల్లిన నది నియమము కాదు, పక్షపాతము.

గౌరవ మనగా గ్రుడ్డితనమును కాదు. జాతీయసైన్యమున చేరనొల్లని ఖైదీలలో కొందఱు బాధలకు గురియైరను ఆరోపణములు ఆ కాలముననే వచ్చినవి. షానవాజుపై తీర్పులోని యొక భాగము అట్టి క్రమశిక్షణ కఠోరతకు సంబంధించినదే. భూలాభాయి ఆ యభియోగములను దాటవేయలేదు. సాక్ష్యములను ఒక్కొక్కటిగా పరీక్షించి, కొన్నిటిని కూలద్రోసెను. సైనికుడు చేసిన ప్రతికార్యమును పొగడువాడు వానికి మిత్రుడు కాడు. వానిని నిండుసభలో ప్రశ్నింపనిచ్చి, వాని పక్షమున సమాధానము చెప్పగలవాడే మిత్రుడు.

మా యభిప్రాయ మిది. సైనికుడు మరలివచ్చిన దినమున రైలుస్టేషనున మ్రోగు బాజాలు గౌరవమునకు ఆరంభము మాత్రమే. వాని పింఛను కాగితము ఏ కచ్చేరీలో చిక్కుకొన్నదో విచారించుట గౌరవము. గాయపడినవానికి వైద్యము, పనిచేయగలవానికి పని, పోయినవాని పిల్లలకు చదువు సమకూర్చుట గౌరవము. వానిపై అభియోగము వచ్చిననాడు న్యాయమైన విచారణ జరిపించుట గౌరవము. వానిని పంపిన యుద్ధము మంచిదో చెడ్డదో పంపకముందే నిర్భయముగా అడుగుట అన్నిటికంటె పెద్ద గౌరవము. 1940 లో శాసనసభలో భూలాభాయి ఆ ప్రశ్న నడిగెను. 1945 లో ఎఱ్ఱకోటలో దాని ఫలమును మోసినవారి ప్రక్కన నిలిచెను. ఈ రెండు కార్యములును చేయగల పౌరులు ఏ గ్రామమున నుందురో, ఆ గ్రామపు సైనికుడు గెలిచి వచ్చినను ఓడి వచ్చినను తలయెత్తుకొని తన వాకిట నడుగుపెట్టగలడు.